ఆకాశంలో పైజామా

కళాశాల వార్షిక సంచికకు అధ్యాపకుడు వ్రాసే వ్యాసమంటే విద్యావిధానం మీదనో, జాతీయ సమైక్యత మీదనో, కాకుంటే వేమన మీదనో గాలిబ్ మీదనో ఉండడం మన సంప్రదాయం. గత సంవత్సరాలలో నేనూ ఆ సంప్రదాయాన్ని శిరసావహించినవాణ్ణే. ఈ ఏడు మాత్రం, దూరదేశాలకు పోయే విమానంలో మనిషి రాత్రిపూట ఏ బట్ట కట్టుకొని నిద్రపోవాలి అనే విషయాన్ని ఎత్తుకొన్నాను. సంగతి వినగానే మా శాఖలోని మిత్రులొకరు, "ఇది వ్యాసమా, దర్జీవాని ప్రకటనా?" అని పరిహసించినారు. నవ్వులాటకు నవ్వులాటే గాని, ఈ విషయంలో నేను చేసిన ఒక తప్పు వలన మా ఇంటిలో ఒక పెద్దప్రాణానికి ముప్పు వాటిల్లినది. ఆ సంగతి చెప్పడానికి ముందు కొంత పూర్వరంగం అవసరం.

మొదట పైజామా అన్న మాటను చూద్దాం. తెలుగువారు 'లాల్చీ పైజామా' అని జంటగా అంటారే గాని, ఆ మాట పుట్టుక చాలమంది ఎరుగరు. 'పై' అన్నారు గనుక అది ఒంటి పైభాగాన తొడిగేదని భ్రమపడిన విద్యార్థి ఒకరు నాకు తెలుసు. తప్పు అతనిది కాదు, మాట వినబడే తీరు అట్లా ఉన్నది. ఫారసీలో 'పాయ్' అంటే కాలు, 'జామా' అంటే వస్త్రం. కాళ్లకు తొడిగే వస్త్రం గనుక పైజామా. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇది పగటి ఉడుపు. మసీదుకు, బజారుకు, పెండ్లికి గౌరవంగా ధరించి పోయే ఉడుపు. ఈ దేశానికి వచ్చిన ఇంగ్లీషువారు ఇక్కడి ఉక్కకు తాళలేక ఇంటిపట్టున దీనిని తొడుగుకొన్నారు, దీనితోనే నిద్రించినారు, స్వదేశానికి మరలిపోతూ వెంట తీసుకొనిపోయినారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి నాటికి ఇంగ్లాండులో మగవారి పొడుగాటి రాత్రి చొక్కాను పైజామా పక్కకు నెట్టసాగినది. మన పగటి ఉడుపు ఆ విధంగా వారి పడకగది ఉడుపు అయినది. విచిత్రమేమంటే, అటుపిమ్మట మన పట్టణాలలోని చదువుకొన్నవారు కూడా వారి కళ్లతోనే దానిని చూడడం నేర్చి, పైజామాతో నలుగురిలోకి రావడం నామోషీ అనుకోసాగినారు.

విమానంలో ఉడుపు మార్చుకోవడం నిన్న మొన్న పుట్టిన విలాసం కాదు. 1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండన్ నుండి కరాచీకి విమానాలు ప్రారంభించినప్పుడు, దారిలో రాత్రులు నేల మీదనే గడిచేవి. ప్రయాణికులు దిగి, బసలో పడుకొని, తెల్లవారి మళ్లీ ఎక్కేవారు. అప్పుడీ సమస్యే లేదు. 1939లో పాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 314 అనే నీటివిమానాన్ని అట్లాంటిక్ మహాసముద్రం మీద నడిపినది. పగలు 74 మంది కూర్చోగల ఆ విమానంలో రాత్రికి 36 పడకలు అమర్చే ఏర్పాటు ఉండేది. పురుషులకు వేరుగా, స్త్రీలకు వేరుగా ఉడుపులు మార్చుకొనే గదులు ఉండేవి. ప్రయాణికుడు రాత్రి దుస్తులు తొడుక్కొని పడుకొంటే తప్పుపట్టేవారు లేరు సరికదా, అట్లా చేయడమే రివాజు. ఐతే ఆ విమానమెక్కినవారు కోటీశ్వరులు. 1948 జూన్ 8న మన ఎయిర్ ఇండియా వారి 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరినప్పుడు కూడా అందులో కూర్చున్నవారు సామాన్యులు కారు.

1970లో బోయింగ్ 747 రాకతో వందలాది జనం ఒక్క విమానంలో ప్రయాణం చేసే రోజులు వచ్చినవి. చౌకగా పోవడం సాధ్యమైనది. అది గొప్ప మేలే. కాని ఉడుపుల గది పోయినది, పడక పోయినది, నిటారు కుర్చీ ఒక్కటి మిగిలినది. తరువాత 2000 ప్రాంతంలో ముందుభాగాన కూర్చొనే ఖరీదైన తరగతుల వారికి మాత్రం చదునైన పడక తిరిగి వచ్చినది. పడకతో పాటు పైజామా కూడా తిరిగి వచ్చినది. ఆస్ట్రేలియా వారి క్వాంటాస్ సంస్థ దూరప్రయాణాలలో పై తరగతుల వారికి పైజామా జతను ఉచితంగా ఇస్తున్నది. ఎమిరేట్స్ వారు మొదటి తరగతి వారికి ఇస్తున్నారు. ఆ జతను ఇంటికి తెచ్చుకొని బంధువులకు చూపించి మురిసిపోయేవారు ఉన్నారు. ముందువరుసలో కూర్చొన్నవాడు పైజామాతో మరుగుదొడ్డి నుండి వెలుపలికి వస్తే అది హోదా. వెనుక నలభైయవ వరుసలోని మనిషి తన సొంత సంచిలోని లుంగీ కట్టుకొంటే అది మోటుతనం. నేను తర్కించదలచినది ఈ ఒక్క అంశాన్నే.

ఇదే మనిషి రైలులో ఏమి చేస్తాడో గమనించండి. హైదరాబాదులో సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన గుమాస్తాలు, వ్యాపారులు, ఒక్కొక్కప్పుడు మావంటి ఉపన్యాసకులు కూడా, బండి కాజీపేట చేరులోగానే ప్యాంటు విప్పి మడిచి, లుంగీ కట్టుకొని, ఆపై భోజనం మూట విప్పుతారు. ఆడవారు నలగని చీరను దాచుకొని నూలు చీర కట్టుకొంటారు, లేదా నైటీ తొడుగుకొంటారు. ఎవరూ ఎవరినీ చూచి నవ్వరు. పైపెచ్చు లుంగీ కట్టనివాణ్ణి చూచి, "తమరు దగ్గరలోనే దిగుతారా?" అని అడుగుతారు. తెల్లవారి మద్రాసు చేరడానికి ముందు అందరూ మళ్లీ దొరలవుతారు. పన్నెండు పదమూడు గంటల రైలులో ఇంత సహజమైన పని, అంతకంటే ఎక్కువ గంటలు పట్టే విమానంలో సిగ్గుచేటు ఎట్లా అయినదో నాకు బోధపడదు. దుబాయి నుండి న్యూయార్కుకు దాదాపు పద్నాలుగు గంటలు. సింగపూరు నుండి న్యూయార్కుకు పద్దెనిమిది గంటలకు పైన. మన ఊళ్ల నుండి పోయేవారికి దానికి ముందొక విమానం, అంతకుముందు రాజీవ్ గాంధీ విమానాశ్రయం దాకా రాత్రంతా బస్సు. ఇల్లు విడిచినప్పుడు బిగించిన నడుంపట్టీ ముప్పై గంటల తరువాత గాని వదలుకావడం లేదు.

గల్ఫ్ విమానాల సంగతి కొంచెం వేరు. కడప, రాయచోటి ప్రాంతాల వారు, కరీంనగర్, నిజామాబాదుల వారు కువైటుకో దుబాయికో పోయే ప్రయాణం నాలుగైదు గంటలే. నిద్రవస్త్రం అవసరమంతగా లేనిదే. అయినా శ్రమజీవులు కొందరు అలవాటు చొప్పున లుంగీ కట్టుకొంటారు. వారిని చూచి సాటి ప్రయాణికులు, అందులోనూ మన తెలుగువారే, ముసిముసి నవ్వులు నవ్వడం నేను కళ్లారా చూచినాను. ఎడారి ఎండలో రెండేండ్లు ఇటుకలు మోసి ఇంటికి వస్తున్న మనిషి తన కాళ్లకు కొంత గాలి తగలనిచ్చుకొంటే నవ్వేవారికి వచ్చిన నష్టమేమి? ఆనాడు నేను నవ్వలేదు గాని, నవ్వేవారిని వారించనూ లేదు. నా మనసులో కూడా ఆ నవ్వు ఎక్కడో ఉన్నదని తరువాత తెలిసివచ్చినది.

ఎట్లా తెలిసివచ్చినదో చెబుతాను. మా అమ్మీ చెల్లెలు, అరవై రెండేండ్ల మా ఖాలా, కూతురి కాన్పుకని అమెరికాలోని చికాగోకు బయలుదేరినది. ఆమెకు అదే మొదటి విమానం. ప్రయాణానికని ఆమె సర్దుకొన్న బట్టలలో పది సంవత్సరాలుగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు సల్వార్ కమీజు ఒకటి ఉన్నది. "ఖాలా, ఈ పాతబట్టలతో పోతే విమానంలో అందరూ మనల్ని ఏమనుకొంటారు?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. వేరొకరి మీద పెట్టే అవకాశం లేదు. బజారుకు పోయి, మడమల దగ్గర బిగుతుగా పట్టే కొత్త చుడీదారు, గట్టి నడుంపట్టీ ఉన్నది, తెచ్చినాను. పాదాలు కనబడకుండ మూసే కొత్త జోళ్లు తెచ్చినాను. ఆమె నా మాట కాదనలేక వాటినే తొడుక్కొని, తన పాత నూలు జతను మాత్రం చేతిసంచి అడుగున దాచుకొన్నది.

నాలుగు గంటలు మొదటి విమానం, ఆ తరువాత పదిహేను గంటల దాకా రెండవ విమానం. రెండవ విమానంలో ఆమెకు కిటికీ పక్క చోటు దొరికినది. అటువైపు ఇద్దరు పరపురుషులు. వారిని లేపి దాటి పోవడానికి మొగమాటం. మరుగుదొడ్డి తలుపు మధ్యకు మడతపడి తెరుచుకొంటుందని తెలియక మొదటిసారి తలుపు నెట్టలేక తిరిగి వచ్చినది. మళ్లీ పోవలసి వస్తుందేమోనని నీళ్లు త్రాగడం మానుకొన్నది. సంచి అడుగున నూలు బట్టలు ఉన్నవి. వాటిని మార్చుకోవచ్చునో కూడదో ఆమెకు తెలియదు. "ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఊరుకొన్నాను" అని తరువాత చెప్పినది. చికాగోలో దిగేసరికి పాదాలు ఉబ్బి జోళ్లు ఊడి రాలేదు. చక్రాల కుర్చీలో వెలుపలికి తీసుకొనివచ్చినారు. మూడవ నాడు ఎడమకాలి పిక్క నొప్పి, ఎరుపు. ఆసుపత్రిలో పరీక్షించి సిరలో నెత్తురు గడ్డకట్టినదని తేల్చినారు. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ఉంటే ఈ వ్యాసం వ్రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. అల్లా దయ వలన మందులతో కరిగినది. కొన్ని నెలల పాటు నెత్తురు పలుచబడే మాత్రలు వేసుకొన్నది. ఆసుపత్రి ఖర్చు సంగతి ఇక్కడ వ్రాయను. మా చెల్లెలూ బావగారూ నాతో ఇంకా మర్యాదగానే మాట్లాడుతున్నారు.

గడ్డకట్టడానికి బట్టలొక్కటే కారణమని నేను అనడం లేదు. డాక్టరు కూడా అనలేదు. వయసు, కదలకుండ కూర్చోవడం, నీళ్లు త్రాగకపోవడం, ఇవి ముఖ్యం. నడుము దగ్గర, మోకాళ్ల వెనుక, మడమల దగ్గర బిగుతుగా పట్టే ఉడుపు వాటికి తోడవుతుంది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పరిశోధన ప్రకారం, కదలకుండ కూర్చొని నాలుగు గంటలకు మించి చేసే ప్రయాణం వలన సిరలలో నెత్తురు గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలవుతుంది. అది విమానమే కానక్కరలేదు, కారైనా బస్సైనా రైలైనా అంతే. నాలుగు గంటలకు మించి విమానంలో పోయే ఆరోగ్యవంతులలో సుమారు ఆరువేల మందికి ఒకరికి ఈ ప్రమాదం కలుగవచ్చునని అదే పరిశోధన లెక్కగట్టినది. ఆరువేలలో ఒకరు అంటే చిన్న సంఖ్యగానే తోస్తుంది, ఆ ఒకరు మన ఇంటివారు కానంత వరకు.

విమానం లోపలి గాలి కూడా నేల మీది గాలి వంటిది కాదు. విమానం ముప్పై అయిదు, నలభై వేల అడుగుల ఎత్తున ఎగిరినా లోపలి పీడనాన్ని ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నట్లుగా ఉంచుతారు. ఆ పీడనంలో కడుపులోని వాయువు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు దాకా వ్యాకోచిస్తుంది. నేల మీద సరిగ్గా సరిపోయిన నడుంపట్టీ పైకి పోయిన తరువాత బిగుసుకొన్నట్లు అనిపించడం భ్రమ కాదన్న మాట. గాలిలో తేమ నూటికి ఇరవై పాళ్ల కంటె తక్కువ. గొంతు, చర్మం ఎండిపోతవి. రాత్రి కొందరికి చలి, కొందరికి ఉక్క. ఇటువంటి చోట వదులైన నూలు వస్త్రం శరీరానికి చేసే మేలును గ్రహించడానికి వైద్యశాస్త్రం చదవనక్కరలేదు.

ఇక ఆక్షేపణల విషయం. మర్యాద దెబ్బతింటుందన్నది మొదటి ఆక్షేపణ. విమానం నలుగురు కూడిన చోటు గదా, అక్కడ పడకగది వేషమేమిటి అంటారు. పడక వేయమని కుర్చీ వెనుకకు వాల్చి ఇచ్చినదెవరు? దుప్పటి, తలగడ ఇచ్చి, దీపాలు ఆర్పి, కిటికీలు మూయించినదెవరు? మూడువందల మందిని ఒకే గదిలో నిద్రపుచ్చుతూ, నిద్రకు తగిన బట్ట మాత్రం కట్టరాదనడంలో అర్థం లేదు. మర్యాద చెడేది దుర్వాసన వలన, పక్కవాని మీద కాళ్లు చాపడం వలన, అర్ధరాత్రి బిగ్గరగా మాట్లాడడం వలన. శుభ్రమైన పైజామా ఎవరి మర్యాదనూ హరించదు.

రెండవ ఆక్షేపణ మన ఇళ్లలో వినవచ్చేది, హయాకు భంగమన్నది. దీనికి నా జవాబు సూటిగా ఉన్నది. పురుషునికి నాభి నుండి మోకాలి దాకా కప్పవలెనని ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నవి. ఒంటి ఆకృతి బయటపడని వదులుతనాన్ని అవి మెచ్చుకొన్నవి. ఒంటికి అతుక్కొనే జీన్సు ప్యాంటు కంటె వదులు పైజామా, మోకాళ్లు దాటిన కుర్తా ఈ నియమానికి ఎంతో చేరువ. స్త్రీల విషయంలో వదులు సల్వార్, పొడుగు కమీజు, పైన దుపట్టా ఉండగా ఇంకేమి కావాలి? పలుచని నైటీ తొడుక్కొని విమానంలో తిరగమని నేను ఎవరికీ చెప్పడం లేదు.

అసలు విమానంలో ఉడుపు మార్చడం మన సమాజానికి కొత్త కానే కాదు. 1995 వరకు బొంబాయి నుండి జిద్దాకు హజ్ యాత్రికుల ఓడలు నడిచినవి. ఓడ యలమ్‌లమ్ మీకాత్‌కు ఎదురుగా వచ్చే వేళకు యాత్రికులు స్నానం చేసి, కుట్టిన బట్టలు విడిచి, ఇహ్రామ్ తెల్లబట్టలు రెండు కట్టుకొనేవారు. నౌక మెల్లగా పోయేది గనుక తొందర ఉండేది కాదు. ఇప్పుడు విమానం మీకాత్ హద్దును క్షణాలలో దాటిపోతుంది. అందుచేత నేరుగా జిద్దాకు పోయే యాత్రికులలో ఎక్కువమంది హైదరాబాదు నాంపల్లి హజ్ హౌస్‌లోనో, విమానాశ్రయంలోనో ఇహ్రామ్ ధరిస్తారు. మిగిలినవారు విమానంలో ప్రకటన వినబడడానికి ముందే ఆ ఇరుకు గదిలో మార్చుకొంటారు. డెబ్బై ఏండ్ల వృద్ధులు కూడా ఆ పని చేస్తున్నారు. లక్షాధికారి, కూలివాడు ఒకే విధమైన రెండు గుడ్డలతో పక్కపక్కన కూర్చొంటారు. ఇబాదత్ కొరకు కట్టే వస్త్రాన్నీ, నిద్ర కొరకు తొడిగే వస్త్రాన్నీ ఒకే గాటకట్టుతున్నానని పెద్దలు కోపగించుకోరాదు. విమానంలో బట్ట మార్చుకోవడం సాధ్యమా, సభ్యమా అన్నంత వరకే ఈ ఉదాహరణ.

ఇంతదూరం లుంగీని వెనకేసుకొని వచ్చినాను. ఇప్పుడు దానికి వ్యతిరేకంగా ఒక మాట చెప్పక తప్పదు. దూరవిమానంలో లుంగీ కంటె పైజామా మేలు. నవ్వుతారని కాదు, ప్రాణరక్షణ కొరకు. ప్రయాణికులందరూ తొంభై సెకండ్లలో, సగం ద్వారాలు మూసి ఉన్నా, వెలుపలికి పోగలగాలన్నది పెద్ద విమానాలకు విధించిన పరీక్ష. 2024 జనవరి 2న టోక్యోలోని హానెడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ తీరరక్షక దళపు చిన్న విమానాన్ని ఢీకొని మండిపోయినది. చిన్న విమానంలో ఐదుగురు మరణించినారు. పెద్ద విమానంలోని 379 మందీ సామాను వదిలి, జారుడు బల్లల మీదుగా బయటపడి బతికినారు. అటువంటి క్షణంలో రెండు చేతులు ఖాళీగా ఉండాలి, కాళ్లు విడివిడిగా కదలాలి. ఒక చేత లుంగీ ముడి పట్టుకొని జారుడు బల్ల ఎక్కడం ఎట్లా? నైలాను, పాలియెస్టరు బట్టలు వేడికి కరిగి చర్మానికి అంటుకొంటవి గనుక నూలు ఉడుపే మేలని కూడా నిపుణులు చెబుతారు. ప్రమాదాలలో ఎక్కువభాగం విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు జరుగుతవి. ఆ రెండు వేళలలో జోళ్లు కాళ్లకే ఉండాలి. మధ్యలో విప్పి కాళ్లకు హాయి నివ్వవచ్చును.

మార్చుకొనే పద్ధతి గురించి నాలుగు మాటలు. విమానంలోని మరుగుదొడ్డి ఒక మనిషి తిరగడానికే చాలీచాలనిది. నలభై యాభై మందికి ఒకటి చొప్పున ఉంటుంది. భోజనాలు కాగానే దాని ముందు బారులు తీరుతారు. కనుక ఆ సమయంలో లోపల జొరబడి పావుగంట సేపు బట్టలు మార్చుకొనేవాడు తోటివారి శాపాలకు అర్హుడే. నడుమ దుబాయిలోనో దోహాలోనో విమానం మారవలసి ఉన్నవారు అక్కడి విశాలమైన స్నానశాలలోనే మార్చుకోవడం అన్నిటికంటె ఉత్తమం. అసలు దీర్ఘప్రయాణం ఆ తరువాతనే గదా. విమానంలోనే మార్చుకోవలసి వస్తే, బెల్టుల దీపం ఆరిపోగానే, భోజనం బండి రాకముందే వెళ్లాలి. నేల తడిగా ఉంటుంది; వట్టి కాళ్లతో, మేజోళ్లతో అడుగుపెట్టడం తహారత్‌కే గాక ఆరోగ్యానికి కూడా మంచిది కాదు. విడిచిన బట్టలు ఒక చిన్న సంచిలో చుట్టి ఉంచుకోవాలి. విమానం దిగడానికి గంటన్నర ముందు తిరిగి పగటి ఉడుపు తొడుక్కోవాలి. ఈ చివరి విషయంలో నేను కఠినుణ్ణి. నలిగిన నిద్రబట్టలతో పరాయి దేశపు అధికారి ముందు నిలబడి, కళ్లు నులుముకొంటూ విశ్వవిద్యాలయపు కాగితాలు చూపించడం మన విద్యార్థులకు తగదు. రాత్రికి ఒక ఉడుపు, రాకకు ఒక ఉడుపు. రెండూ చేతిసంచిలో పడతవి.

ఇప్పుడు కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. విదేశాలలో పై చదువులకు పోయే విద్యార్థులకు మనం వీడ్కోలు సభ జరిపి, వెంట తీసుకొనిపోవలసిన వస్తువుల పట్టిక ఒకటి అచ్చువేసి ఇస్తున్నాము. అందులో ధ్రువపత్రాల నకళ్లు, మందులు, ఊరగాయ, కోటు, టై అన్నీ ఉన్నవి. ఆ పట్టికను తయారు చేసినవారిలో నేనూ ఒకణ్ణి గనుక దోషంలో నాకూ భాగమున్నది. కోటు, టై అన్న వరుసను కొట్టివేయమనడం లేదు. దాని కింద మరొక వరుస చేర్చవలసినదిగా ప్రార్థిస్తున్నాను: వదులైన నూలు పైజామా, కుర్తా ఒక జత, చేతిసంచిలో. బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులకు కూడా ఆ పట్టికనే ఇవ్వవచ్చును. విమానంలో బట్టలు మార్చుకోవడానికి అనుమతి ఉన్నదని, అందుకు ఎవరినీ అడగనక్కరలేదని, మరుగుదొడ్డి తలుపు మధ్యకు మడతపడి తెరుచుకొంటుందని అందులో వ్రాయాలి. ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాయాలి. ఇంగ్లీషులో వ్రాస్తే చదవవలసినవారు చదవలేరు.

మా ఖాలా గత సంవత్సరం రెండవసారి చికాగోకు పోయి వచ్చినది. ఈసారి డాక్టరు సలహా ముందుగానే తీసుకొన్నాము. నడవ పక్క చోటు అడిగి పెట్టించినాము. మా వీధి దర్జీ చేత బూడిదరంగు నూలుగుడ్డతో వదులు సల్వారు, పొడుగు కమీజు కుట్టించినాను. నాడా బొందె మెత్తనిది వేయించినాను. మధ్య మజిలీలో మార్చుకొని, గంటకొకసారి లేచి నడిచి, ఆరు గంటల సేపు నిద్రపోయినదట. చేరిన నాడు ఫోను చేసి, తన క్షేమం చెప్పకముందే నన్ను నిలదీసినది: "బట్టలు బాగానే ఉన్నవి గాని, జేబు పెట్టించలేదేమిరా బేటా, తస్బీహ్ ఎక్కడ పెట్టుకొనేది?" కార్యవర్గం వారు నా విన్నపాన్ని మన్నించేటట్లయితే, ఆ వరుసలో 'జేబు గల' అన్న మాట కూడా చేర్చగలరు.